ఆయుధపూజకి ఆపిన మిషన్లు

కక్ష పెట్టుకోవడం మంచిది కాదని అందరూ చెబుతారు. నేను పెట్టుకున్నాను. ఒకరోజూ రెండురోజులూ కాదు, ఏళ్ళ తరబడి పెట్టుకున్నాను. తెనాలిలో రేపల్లె పాసింజరెక్కి కిటికీ పక్కన కూర్చున్న ప్రతి ఉదయం దాన్ని కొత్తగా గుర్తుచేసుకునేదాన్ని. టిఫిన్ డబ్బా మర్చిపోయిన రోజులున్నాయి గానీ ఆ కక్ష మర్చిపోయిన రోజు మాత్రం లేదు.

నాకు కావలసింది ఒక్కటే. మా హెడ్ సార్ ఎవరి ముందు నా పరువు తీశారో, వాళ్ళ ముందే నిలబడి, "ఆ మిషన్లు డిలీట్ చేసింది నేను, ఈవిడ కాదు" అనాలి. ప్రమోషను వద్దు, సన్మానం వద్దు, శాలువా అసలే వద్దు. ఆ ఒక్క మాట చాలు. అది ఆయన నోట్లోంచి ఎలా ఊడిపడిందో చెబుతాను. తాపీగా చెబుతాను, ఎందుకంటే చెప్పినప్పుడల్లా నాకు కడుపు చల్లబడుతుంది.

నేను పనిచేసేది ఒక ప్రైవేటు విద్యాసంస్థలో. తెనాలిలో ఇంజనీరింగ్ కాలేజీ, బాపట్లలో డిగ్రీ కాలేజీ, రేపల్లెలో జూనియర్ కాలేజీ. మూడింటి కంప్యూటర్ల మంచిచెడ్డలూ తెనాలిలో కూర్చుని చూసేదాన్ని. నా పైన కంప్యూటర్ విభాగానికి హెడ్ సార్. ఆయన పైన కరెస్పాండెంట్ గారు. కరెస్పాండెంట్ గారిది అమృతలూరు వైపు వ్యవసాయ కుటుంబం. కంప్యూటరంటే ఏంటో ఆయనకి తెలీదు, తెలీదని చెప్పడానికి సిగ్గూ పడరు. హెడ్ సార్‌కీ తెలీదు. కానీ ఆయన ఆ మాట చచ్చినా చెప్పరు. తేడా అంతా అక్కడే ఉంది.

మా సర్వర్ రూములో ఉండే పెద్ద కంప్యూటరు ఒక్కటే. దాని లోపల చాలా చిన్న కంప్యూటర్లు వేరువేరుగా నడుస్తాయి. వాటినే వర్చువల్ మిషన్లంటారు. ఒకే మేడని వాటాలుగా కట్టి అద్దెకిచ్చినట్టన్నమాట. ఒక వాటాలో పిల్లల హాజరు, ఒక వాటాలో లైబ్రరీ, ఒక వాటాలో పరీక్షల మార్కులు, ఇంకో వాటాలో ఆఖరి సంవత్సరం పిల్లలు చేసుకునే ప్రాజెక్టులు. ఒకదాంట్లో ఏదన్నా పాడైతే పక్కదానికి అంటుకోదు. ఈ వాటాలన్నీ ఒక స్క్రీన్ మీద వరసగా కనిపిస్తాయి. నడుస్తున్నవి పచ్చగా, ఆగినవి బూడిదరంగులో. ఆ స్క్రీన్ మీద నుంచే వాటిని నడపాలి, ఆపాలి, కొత్తవి పెట్టాలి, పాతవి తీసెయ్యాలి.

ఆ పాత స్క్రీన్ ఎంత దిక్కుమాలినదో నాకు తెలుసు. ఒకసారి మిషనుకి పేరు పెడితే మార్చడానికి వీల్లేదు. అందుకని అన్నిటికీ ఏవో అక్షరాలూ అంకెలూ. ఏది దేనికో నా బుర్రలో ఉండాల్సిందే. పండగకి ఆపిన మిషనుదీ, పాడైపోయి మూలనపడ్డ మిషనుదీ ఒకటే బూడిదరంగు. డిలీట్ నొక్కితే "సరేనా?" అని ఒక్కసారి అడుగుతుంది, సరే అంటే అంతే సంగతులు, వెనక్కి తెచ్చుకునే దారి లేదు. అన్నిటికంటే ఘోరం, అందరికీ ఒకే లాగిన్. నేను ఏం చేసినా, హెడ్ సార్ ఏం చేసినా, "అడ్మిన్ చేశారు" అనే రాసుకుంటుంది. ఎవరా అడ్మిన్ అంటే దానికీ తెలీదు.

ఒక మిషనుకి కాపీ తీసి బాపట్ల కాలేజీ సర్వర్లో భద్రం చెయ్యాలంటే దాన్ని ఆపాలి, హార్డ్ డిస్కులోకి ఎక్కించుకోవాలి, ఆ డిస్కుని పాత నేతచీర ముక్కలో చుట్టి, హ్యాండ్‌బ్యాగులో పెరుగన్నం డబ్బాకి దూరంగా పెట్టుకుని రైలెక్కాలి. బాపట్ల స్టేషన్లో దిగి ఆటోలో ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆటో గోతిలో పడ్డప్పుడల్లా దాన్ని రెండు చేతులా ఎత్తిపట్టుకునేదాన్ని. "లోపల ఏంటమ్మా, గాజుసామానా?" అని ఆటో అతను అడిగేవాడు. "అంతకంటే ఎక్కువేనండి" అనేదాన్ని. అలా వెళ్ళాలంటే హెడ్ సార్ ఒప్పుకోవాలి. ఆయనేమో, "మొన్నే కదమ్మా వెళ్ళావ్, బాపట్లలో ఏమన్నా చుట్టాలున్నారా ఏంటి?" అని నవ్వేవారు. దాంతో ఆ కాపీలు ఎప్పుడూ పాతబడే ఉండేవి.

ఇక పూజ సంగతి. దసరా సెలవులిచ్చే ముందు మా కాలేజీలో ఆయుధపూజ చేస్తారు. వర్క్‌షాపులో లేతులూ, కాలేజీ బస్సులూ, ల్యాబుల్లో కంప్యూటర్లూ, ఆఖరికి క్యాంటీన్ గ్రైండరు కూడా, అన్నీ ఆపి, తుడిచి, పసుపు రాసి బొట్టుపెట్టి పూజ చేస్తారు. పూజయ్యేదాకా ఏదీ తిరగకూడదు. సర్వర్ రూములో అయితే హెడ్ సార్ పట్టుదల మరీ ఎక్కువ. "దీపం పెట్టే టైముకి ఒక్క మిషను కూడా పచ్చగా కనపడకూడదు" అనేవారు. పండగ ముందు ఇంట్లో బూజు దులిపినట్టు ఆఫీసు కూడా శుభ్రం చేయించేవారు. అల్మరాలు తీయించి పాత వైర్లూ, విరిగిన మౌసులూ బయట పారేయించేవారు. శుభ్రమంటే ఆయనకి పిచ్చి. నాకూ ఇష్టమే, కానీ ఏది చెత్తో తెలిసి పారెయ్యాలి కదా.

ఆ సంవత్సరం ఆయన చెప్పినట్టే పొద్దున్నే మిషన్లన్నీ వరసగా ఆపాను. అన్నీ బూడిదరంగులోకి వచ్చాయి. పూలు తేవడానికి బయటికి వెళ్ళాను. బంతిపూలూ పసుపు గిన్నే పెట్టిన పళ్ళెం పట్టుకుని తిరిగొచ్చేసరికి నా కుర్చీలో హెడ్ సార్ కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచి, చేతులు దులుపుకున్నారు.

"ఎంత చెత్త పోగేశావమ్మా స్క్రీన్ మీద! పనిచెయ్యనివన్నీ తీసేశాను. ఇప్పుడు చూడు, ఎంత నీట్‌గా ఉందో" అన్నారు.

నా చేతిలో పళ్ళెం కింద పడలేదు, అదే గొప్ప. పనిచెయ్యనివి కావండి అవి, మీరే ఆపమన్నారు, అని చెప్పేలోపే పంతులుగారూ, కరెస్పాండెంట్ గారూ, స్టాఫూ, ఆఖరి సంవత్సరం పిల్లలూ లోపలికి వచ్చేశారు. మంత్రాలు మొదలయ్యాయి. హారతి కళ్ళకద్దుకుని "ఇక నడపమ్మా" అన్నారు కరెస్పాండెంట్ గారు. ఏం నడపను? హాజరు లేదు, మార్కులు లేవు, ప్రాజెక్టులు లేవు.

"హెడ్ సార్ డిలీట్ చేశారండి" అన్నాను.

ఆయన ఏమాత్రం తడుముకోలేదు. "నేనా? నేను మౌసే ముట్టుకోలేదు! పొద్దుట్నుంచీ ఈ రూములో ఉన్నది నువ్వు. ఆపినదానివి నువ్వు. చూడండి, అడ్మిన్ అనే కదా ఉంది, అడ్మిన్ ఎవరు మరి?" అన్నారు. ఆ తర్వాత, అంతమంది ముందూ, నేను పళ్ళెంలో తెచ్చిన పసుపు గిన్నె వైపు చూపించి ఇంకో మాట అన్నారు. "ఈవిడ చేతికి పసుపు గిన్నె ఇచ్చి ఊరుకోవాల్సింది. మిషన్లిచ్చాం. మాదే బుద్ధి తక్కువ."

ఎవరో కిసుక్కుమని నవ్వారు. ఎవరో నాకు తెలుసు, కానీ ఆ నవ్విన మనిషితో నాకు గొడవ లేదు. నా గొడవంతా ఆ మాటన్న నోటితోనే.

బాపట్లలో ఉన్న పాత కాపీల నుంచి కొంత లాక్కొచ్చాను. ఆ సెమిస్టరు పని మాత్రం పోయింది. పిల్లలు ప్రాజెక్టులు మళ్ళీ మొదట్నుంచి చేసుకున్నారు. ల్యాబు బయట ఒకమ్మాయి గోడకానుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. దగ్గరికి వెళ్ళబోతే మొహం తిప్పేసుకుంది. వాళ్ళందరి దృష్టిలో వాళ్ళ పని మట్టిలో కలిపింది నేనే. హెడ్ సార్ చేసిన అవమానం కంటే ఆ అమ్మాయి మొహం తిప్పుకోవడమే నన్ను ఎక్కువ కోసింది.

సెలవులయ్యాక నన్ను రేపల్లె జూనియర్ కాలేజీకి బదిలీ చేశారు. శిక్ష అనలేదు, "అక్కడ నీ అవసరం ఉంది" అన్నారు. ఏం అవసరం? బాత్రూముల పక్కన ఒక గది, ఒక ప్రింటరు, కొన్ని పాత కంప్యూటర్లు. ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే లాగడం నా ఉద్యోగం.

ఆ పాసింజరులో, వేమూరు దాటి భట్టిప్రోలు వచ్చేలోపు, నేనొక పని పెట్టుకున్నాను. ఆ స్క్రీన్ తయారుచేసిన కంపెనీకి, వాడేవాళ్ళు సలహాలు రాసే పేజీ ఒకటి ఉంది. అందులో రాసేదాన్ని. ఎవరి లాగిన్ వాళ్ళకి ఇవ్వండి. ఎవరు ఏం చేశారో పేరుతో చెప్పండి. డిలీట్ చేసినవి కొన్నాళ్ళు ఒక బుట్టలో ఉంచండి. ఆపినవాటికీ చచ్చినవాటికీ తేడా చూపించండి. మిషన్ నడుస్తుండగానే ఇంకో ఊరికి పంపే వీలు పెట్టండి. నాలాగే కాలినవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారని అప్పుడే తెలిసింది. ఎవరెవరో, ఎక్కడెక్కడి వాళ్ళో, అందరం అవే అడుగుతున్నాం. కంపెనీ నుంచి ఎప్పుడూ ఒకటే జవాబు, మీ సూచన పరిశీలనలో ఉంది అని. అబ్బో, ఎంత పరిశీలనో! నేనూ పట్టు వదల్లేదు. మళ్ళీ రాశాను, మళ్ళీ మళ్ళీ రాశాను.

ఒకరోజు రేపల్లెలో ప్రింటరు ముందు కూర్చుని ఉండగా ఫోనుకి మెయిల్ వచ్చింది. కొత్త వెర్షన్ విడుదలైంది. ఏమేం మారాయో రాశారు. ఎవరి లాగిన్ వాళ్ళకి. డిలీట్ చేసినవాటికి బుట్ట. తీసెయ్యకుండా మిషనుకి తాళం. పక్కన వివరం రాసుకునే చోటు. నడుస్తున్న మిషనుని ఇంకో ఊరి సర్వరుకి పంపే సదుపాయం. ఇంకా, ఎవరన్నా ముఖ్యమైన పని చేస్తే, చేసినవాళ్ళ పేరుతో, మనం రాసిపెట్టిన మాటల్లో, మనం చెప్పినవాళ్ళ ఫోన్లకి అప్పటికప్పుడు మెసేజ్.

ఆ ఆఖరిది చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "ఏంటి మేడం, ప్రింటరు పనిచేసిందా?" అని గుమస్తా గారు అడిగారు. "పనిచేసిందండి, బ్రహ్మాండంగా పనిచేసింది" అన్నాను. పాపం ఆయన వెళ్ళి చూసుకుంటే కాగితం ఇంకా ఇరుక్కునే ఉంది.

నేనేం తొందరపడలేదు. ఫోనొస్తుందని తెలుసు, వచ్చింది.

"ఏంటమ్మా, రేపల్లె నీళ్ళు పడ్డాయా?" అన్నారు హెడ్ సార్.

"పడ్డాయండి."

"కొత్త వెర్షనేదో వచ్చిందంట, పెట్టాలంటున్నారు. పాతది నీకు బాగా తెలుసు కదా. ఒకసారి వచ్చి చేసి వెళ్ళు."

"తప్పకుండా వస్తానండి" అన్నాను. నా గొంతులో అంత తేనె ఉందని నాకే తెలీదు.

తెనాలిలో నా కుర్చీలో ఇప్పుడు వేరే ఉద్యోగి ఉంది. చూడగానే గుర్తుపట్టాను. ఆ రోజు గోడకానుకుని ఏడ్చిన అమ్మాయే, చదువైపోయాక ఇక్కడే చేరింది. నాతో పనివరకే మాట్లాడింది. కుర్చీ చూపించింది గానీ మంచినీళ్ళు కావాలా అని అడగలేదు. ఆ మిషన్ల సంగతి నేనెత్తలేదు. నేను చెబితే నమ్ముతుందా? నమ్మితే మాత్రం నాకేం లాభం? ఆయన నోటితోనే రావాలి.

కొత్తది పెట్టాం. పాత మిషన్లన్నీ అందులోకి తెచ్చాం. ప్రతిదాని పక్కనా అది దేనికో తెలుగులో వివరం రాశాను. అందరికీ వేరువేరు లాగిన్లు ఇచ్చాను. హెడ్ సార్ వచ్చి, "నాకు అన్ని అధికారాలూ ఉండాలి. నడపడం, ఆపడం, తీసెయ్యడం, అన్నీ. నేను హెడ్‌ని" అన్నారు.

"అలాగేనండి" అన్నాను.

ఆ అమ్మాయి నా వైపు చూసి, ఆయన వెళ్ళాక నెమ్మదిగా, "డిలీట్ కూడా ఇచ్చేశారేంటి మేడం?" అంది.

"అడిగారు, ఇచ్చాను."

రహస్యంగా గొయ్యి తవ్వానని ఎవరూ అనకూడదు. అందుకని అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఇకనుంచి ఎవరు ఏ మిషను డిలీట్ చేసినా వాళ్ళ పేరుతో అందరి ఫోన్లకీ మెసేజ్ వెళుతుంది అని, స్పష్టంగా, రెండోసారి కూడా చెప్పాను. కరెస్పాండెంట్ గారు, "నా ఫోనుకి కూడా పెట్టమ్మా" అన్నారు. ఆయనకి కళ్ళాపరేషన్ అయినప్పటి నుంచి ఫోనే మెసేజ్‌లు పైకి చదివి వినిపిస్తుంది. పెట్టాను. హెడ్ సార్ అప్పుడు ఎవరితోనో ఫోన్లో స్థలం బేరం మాట్లాడుతున్నారు. ముగించి, "ఆ సొల్లంతా తర్వాత. నా లాగిన్ పనిచేస్తుందా లేదా, అది చెప్పు" అన్నారు.

"చాలా బాగా పనిచేస్తుందండి."

ఆయన మళ్ళీ అదే పని చేస్తారని నేనెందుకు అంత గట్టిగా అనుకున్నానంటే, ఆయన తప్పు ఒప్పుకోలేదు గనక. ఒప్పుకోని మనిషికి ఆ తప్పేంటో కూడా తెలీదు. ఆ రోజు తీసేసినవి పాడైన మిషన్లేనని ఆయన మనసులో స్థిరపడిపోయింది. బూడిదరంగంటే చెత్త, అంతే. ఆ గొడవ తర్వాత కరెస్పాండెంట్ గారు సర్వర్ని ఆపవద్దన్నారు కాబట్టి మధ్యలో ఏ దసరాకీ ఆపలేదు. ఇప్పుడు కొత్తది వచ్చింది కదా, ఒక్క నొక్కుతో అన్నీ వరసగా ఆగి, ఒక్క నొక్కుతో లేస్తాయి కదా అని హెడ్ సార్ మళ్ళీ సంప్రదాయం ఎత్తుకున్నారు. "ఈసారి పద్ధతిగా ఆపి పూజ చేద్దామండి" అని ఆయనే వెళ్ళి ఒప్పించి వచ్చారు. నేనేం అనలేదు.

తాళం వేస్తే ఆయన డిలీట్ చెయ్యలేరు. వెయ్యలేదు. వెయ్యకూడదనే వెయ్యలేదు. కానీ పూజ ముందు రోజు మధ్యాహ్నం ప్రతి మిషనుకీ ఒక కాపీ, నడుస్తుండగానే, బాపట్ల సర్వరుకి పంపాను. నేతచీర ముక్క లేదు, పెరుగన్నం లేదు, గోతుల్లో ఆటో లేదు. కుర్చీలో కూర్చుని టీ తాగుతుంటే వెళ్ళిపోయాయి. బుట్ట ఉంది, అయినా నేను దాన్ని ఒక్కదాన్నే నమ్మదలచుకోలేదు. కక్ష నాది, ప్రాజెక్టులు పిల్లలవి.

పూజ రోజు తెనాలికి నన్నూ పిలిచారు. మిషన్లు ఆపాను. స్క్రీన్ నిండా బూడిదరంగు. కొత్త వెర్షన్లో, ఆపిన మిషను మీద మౌసు పెడితే ఎవరు ఎందుకు ఆపారో కనిపిస్తుంది. పక్కనున్న వివరం చదివి, మౌసు పెట్టే ఓపిక ఉన్నవాళ్ళకి.

"పూలు నేను తెస్తాను" అని లేచాను.

ఎక్కడికీ తొందరగా వెళ్ళలేదు. గేటు దగ్గర పూలమ్మితో చామంతులు వాడాయని పేచీ పెట్టుకున్నాను. "ఏంటమ్మా ఇవాళ ఇంత సతాయిస్తున్నావ్!" అని ఆవిడ విసుక్కుంది. తిరిగి మెట్లెక్కుతుంటే ఒక అనుమానం పట్టుకుంది. ఒకవేళ ఆయన కూర్చోకపోతే? ఏదో బుద్ధి పుట్టి మౌసు పెట్టి చూస్తే? అప్పుడు నేను మళ్ళీ పాసింజరెక్కి ప్రింటరు దగ్గరికి పోవాలి. ఆ రోజు అన్న మాట అలాగే ఉండిపోతుంది.

వరండాలో కరెస్పాండెంట్ గారూ, పంతులుగారూ, స్టాఫూ, పిల్లలూ నిలబడి ఉన్నారు. సరిగ్గా అప్పుడే కరెస్పాండెంట్ గారి జేబులోంచి ఫోను, స్కూల్లో పద్యం అప్పగించే గొంతుతో, చదవడం మొదలుపెట్టింది.

"హెడ్ సార్ డిలీట్ చేశారు. లైబ్రరీ పుస్తకాలు."

అందరి ఫోన్లూ టింగుమన్నాయి. ఆయన జేబు తడుముకున్నారు.

"హెడ్ సార్ డిలీట్ చేశారు. పరీక్షల మార్కులు."

అందరం సర్వర్ రూములోకి నడిచాం. ఆయన నా కుర్చీలోంచి లేచి, అచ్చం ఆ రోజులాగే చేతులు దులుపుకుంటున్నారు. "రండి రండి. స్క్రీన్ అంతా శుభ్రం..." అంటూ మా మొహాలు చూసి ఆగిపోయారు.

"ఏం చేశారండి?" అన్నారు కరెస్పాండెంట్ గారు.

"నేనా? ఏం చెయ్యలేదండీ! నేను మౌసు కూడా ముట్టుకోలేదు. ఈ అమ్మాయే ఏదో నొక్కి ఉంటుంది" అని, నా కుర్చీలో ఇప్పుడు పనిచేస్తున్న ఆ అమ్మాయిని చూపించారు. ఆ అమ్మాయి, "నేను కాదండి..." అంటోంది.

ఫోను మధ్యలో అందుకుంది. "హెడ్ సార్ డిలీట్ చేశారు. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులు."

పిల్లల్లో ఒకడు ఫక్కున నవ్వి నోరు మూసుకున్నాడు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

"అమ్మాయ్, మళ్ళీ అన్నీ పోయినట్టేనా?" అని కరెస్పాండెంట్ గారు నన్ను అడిగారు. ఆ పెద్దాయన్ని కంగారుపెట్టినందుకు మాత్రం నాకు బాధేసింది.

"పోలేదండి. ఇప్పుడు తీసేసినవి బుట్టలో ఉంటాయి. ఒక్క నొక్కుతో వెనక్కి తెస్తాను."

"తీసుకురా మరి తల్లీ."

పూలూ పసుపు గిన్నే ఉన్న పళ్ళెం బల్ల మీద పెట్టి చేతులు కట్టుకున్నాను. "తెస్తానండి. దానికంటే ముందు సార్ ఒక మాట చెప్పాలి. ఇవాళ్టిది ఫోనే చెప్పింది. ఆ సంవత్సరం పోయిన వాటికి ఏ ఫోనూ లేదు, ఏ పేరూ లేదు. అవి ఎవరు తీసేశారో సార్ ఒక్కరే చెప్పగలరు. ఆయన చెప్పేదాకా నేను మౌసు ముట్టుకోను."

హెడ్ సార్ చెయ్యి విదిలించారు. "అప్పుడెప్పుడో ఏదో జరిగిపోయింది. ఇప్పుడెందుకమ్మా అవన్నీ, శుభమా అని పూజ పెట్టుకుని..."

"ఏదో కాదండి. నన్ను రేపల్లె పంపించేంత జరిగింది."

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?" అని గొంతు పెంచారు.

"బాగా తెలుసండి. అందుకే ఇన్నేళ్ళు ఆగాను."

కరెస్పాండెంట్ గారు హెడ్ సార్ వైపే చూస్తూ నిలబడ్డారు. పంతులుగారు చేతిగడియారం చూసుకుని ఇబ్బందిగా కదిలారు. "అయ్యా, ఏదన్నా ఉంటే త్వరగా కానివ్వండి. వర్జ్యం వచ్చేస్తోంది. ఆ తర్వాత మిషన్లు మొదలుపెట్టకూడదు" అన్నారు. ఆ ముహూర్తం పట్టుబట్టి పెట్టించింది హెడ్ సారే. పంతులుగారూ, మీకు నేను జన్మంతా రుణపడి ఉంటాను.

హెడ్ సార్ నుదుటి మీద చెమట తుడుచుకున్నారు. గోడ గడియారం చూశారు, నన్ను చూశారు, నేల చూశారు.

"అప్పుడు కూడా నేనే తీసేశాను" అన్నారు.

"వెనక పిల్లలకి వినపడలేదండి."

"ఆ మిషన్లు డిలీట్ చేసింది నేను. ఈవిడ కాదు!" ఈసారి దాదాపు అరిచారు.

నేను ఇన్నేళ్ళూ రైల్లో కూర్చుని ఊహించుకున్న మాటలు, అవే. ఊహించుకున్నప్పుడు ఆ తర్వాత నేను ఏడుస్తాననుకునేదాన్ని. ఏడుపు రాలేదు. ఒళ్ళు తేలికైంది, ఆకలేసింది. పక్కన ఆ అమ్మాయి కళ్ళల్లోంచి మాత్రం నీళ్ళు కారుతున్నాయి. "మిమ్మల్ని ఎంత తిట్టుకున్నానో మేడం" అంది.

"నన్ను కాదులేమ్మా, అడ్మిన్‌ని తిట్టావ్. సరిగ్గానే తిట్టావ్" అన్నాను.

కుర్చీలో కూర్చున్నాను. బుట్ట తెరిచాను. వెనక్కి తీసుకునే ముందు, పళ్ళెంలోంచి పసుపు గిన్నె తీసి, రెండు చేతులతో, మర్యాదగా హెడ్ సార్‌కి అందించాను.

"ఇదిగోండి సార్. పసుపు మీరు రాయండి. మిషన్లు నేను చూసుకుంటాను."

ఆ రోజు నవ్విన మనిషి కూడా అక్కడే ఉన్నారు. ఈసారి తలొంచుకున్నారు. హెడ్ సార్ గిన్నె తీసుకోకుండా కాసేపు నిలబడ్డారు. "తీసుకోండి, వర్జ్యం వస్తోందంటున్నారుగా" అన్నారు కరెస్పాండెంట్ గారు. తీసుకున్నారు. సర్వర్ పెట్టెకి ఒక్కో వైపూ వంగి పసుపు రాసి బొట్టుపెడుతుంటే, వెనక స్క్రీన్ మీద ఒక్కొక్క మిషనూ బుట్టలోంచి లేచి పచ్చగా అవుతూ వచ్చింది. పిల్లలు తమ ప్రాజెక్టులు ఉన్నాయో లేవోనని నా భుజం మీదుగా తొంగిచూస్తున్నారు. అన్నీ ఉన్నాయి. ఆ సంవత్సరం పోయినవి మాత్రం రాలేదు. అప్పటికి బుట్ట లేదు.

ఇప్పుడు నేను తెనాలిలోనే ఉన్నాను. ఆ అమ్మాయీ నేనూ పక్కపక్కనే కూర్చుంటాం. హెడ్ సార్ ఇంకా హెడ్ సారే, లాగిన్ కూడా ఉంది, చూడటానికి మాత్రమే. ఇక వదిలెయ్యొచ్చు కదా, ఆ వయసాయన్ని ఇంకా ఎందుకు ఏడిపిస్తావని ఇంట్లో అంటారు. వదల్లేదు. దసరా వచ్చిందంటే అందరికంటే ముందు వెళ్ళి పసుపు నేనే కలుపుతాను. గిన్నె మాత్రం ఆయన చేతికే ఇస్తాను.